పాత జాజ్ పోస్టర్ల పునర్ముద్రణ: మరకలు ఉంచాలా, తీసేయాలా?

నీలిస్వరం:
అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే కచేరీ పోస్టర్ల నకళ్లు రెండు రకాలుగా అమ్ముతున్నారు: మడతలు, తుప్పు మరకలతో సహా వేసినవి, శుభ్రం చేసి వేసినవి. నా ఓటు శుభ్రం చేసినవాటికే. ఇంక్‌జెట్‌లో వేసిన తుప్పు మరక దగ్గరికెళ్తే ఫొటో అని తెలిసిపోతుంది. పసుపెక్కిన కాగితం రంగునూ ముద్రిస్తే పోస్టరంతా సన్నని రంగు చుక్కలు పరుచుకుంటాయి. ఆ రంగును ఫైల్‌లోంచి తీసేసి, లేత గోధుమ రంగు మ్యాట్ (మెరుపులేని) కాగితం మీద వేయించండి. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) అయితే పాత అట్ట పోస్టర్ బరువుకు దగ్గరగా ఉంటుంది.

చెక్కఅచ్చు:
నీలిస్వరం గారూ, కాగితం విషయం ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. పోస్టర్ మీది లోపాలన్నీ ఒక్కటి కావు. మడత, టేపు మరక, పిన్ను తుప్పు తర్వాత వచ్చినవి, వాటిని తీసేయండి. అక్షరాల అరిగిన అంచు, సిరా సరిగా అందక పడిన తెల్ల మచ్చలు, ఎరుపూ నలుపూ కాస్త పక్కకు జరగడం ముద్రణ రోజునే పుట్టినవి. శుభ్రం చేసేవాళ్లు ఫొటోషాప్‌లో మచ్చలు, గీతలు చెరిపే 'డస్ట్ అండ్ స్క్రాచెస్' ఫిల్టర్ నొక్కగానే రెండూ పోతాయి.

'బిల్లీ హాలిడే' పేరులో ఇంగ్లీషు ఎల్ మూడుసార్లు వస్తుంది. చెక్క టైపులో, అంటే చెక్కతో చెక్కిన అచ్చు అక్షరాల్లో, మూడూ వేర్వేరు దిమ్మలు, దేని గాట్లు దానివే. మడత మీద పగిలిన ఎల్‌ను పక్క ఎల్ కాపీ చేసి అతికితే రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. అందుకే పగిలిన చోటు మాత్రమే, ఆ అక్షరంలోని సిరాతోనే, క్లోన్ స్టాంప్‌తో (ఒకచోటి రంగును ఇంకోచోట అద్దే పరికరం) పూడ్చాలి. నెమ్మదైన పనే, కానీ వేరే దారి లేదు.

నీలిస్వరం:
గాట్ల మాట సబబే. గాయని ఫొటో సంగతేంటి? అందులోని హాఫ్‌టోన్ చుక్కలూ (ఫొటోను అచ్చులో చూపే సన్న చుక్కలు) ముద్రణ రోజువే కదా.

చెక్కఅచ్చు:
అక్కడ రాజీ తప్పదు. పాత చుక్కల మీద ప్రింటర్ చుక్కలు పడితే ముఖం మీద అలల గీతలు వస్తాయి. 600 డీపీఐలో (అంగుళానికి చుక్కలు) స్కాన్ చేసి, ఫొటో భాగాన్నే ఎంచుకుని, చుక్కలు కలిసేంతవరకే బ్లర్ చేసి, 300కు దించండి. అక్షరాలకు బ్లర్ తగలకూడదు. 14×22 అంగుళాల అసలు సైజుకు 4200×6600 పిక్సెళ్లు కావాలి. నెట్‌లో దొరికే వెయ్యి పిక్సెళ్ల బొమ్మ అంగుళానికి 71 మాత్రమే ఇస్తుంది. 24×36కు పెంచితే కొలతల నిష్పత్తి కలవదు, పైనో కిందో దాదాపు 1.7 అంగుళాలు కోతపడుతుంది.

పదిరెట్లభూతద్దం:
మీరిద్దరూ అసలు పోస్టర్ ఉందనుకునే మాట్లాడుతున్నారు. పాత తేదీ వేసి ఈమధ్య తయారుచేసినవీ ఈ పేరుతో తిరుగుతున్నాయి. ముందు చిరునామా చూడండి. ఆమె 1959లో చనిపోయారు, అమెరికాలో అయిదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) 1963లో వచ్చింది. జిప్ కోడ్ ఉంటే అది ఆమె కాలపుది కాదు. 'న్యూయార్క్ 19' లాంటి రెండంకెల తపాలా జోన్ ఉంటే కాలానికి కుదురుతుంది. తర్వాత వారం: న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో ఆమె కచేరీ జరిగిన 1948 మార్చి 27 శనివారం. ఇంకో వారం వేసి ఉంటే అనుమానించండి. 365 నానోమీటర్ల యూవీ టార్చి కింద కాగితం నీలంగా మెరిస్తే 1948 నాటిది కాకపోవచ్చు. మెరవకపోయినంత మాత్రాన పాతదని కాదు, కొత్త కాటన్ కాగితాల్లో కొన్నీ మెరవవు.

కొత్తగా గీసి ఆమెకు అంకితమివ్వడం మంచి పనే. జరగని కచేరీకి తేదీ, వేదిక వేయడం మాత్రం చరిత్రను చెడగొట్టడమే.

నీలిస్వరం:
ఆ మాటకు పూర్తి మద్దతు. టీ నీళ్లలో ముంచి పాతబరచడం కూడా ఆపాలి. కాగితం ముడతలు పడుతుంది, టీలోని ఆమ్లం పోనుపోను దాన్ని పెళుసు చేస్తుంది.

చెక్కఅచ్చు:
అవును. 'పునర్ముద్రణ' అన్న మాట, సంవత్సరం వెనకవైపు వేస్తే ఫ్రేములో దాగిపోతాయి. అంచులో వేస్తే కత్తిరించేస్తారు. బొమ్మ లోపలే, కింది గీత పక్కన 6 పాయింట్ల చిన్న అక్షరాల్లో వేయండి. షాపులో అడగకుండానే లామినేషన్ చేస్తారు, వద్దని ముందే చెప్పండి. ఆ మెరుపు మ్యాట్ కాగితం అందాన్ని చంపేస్తుంది.