గెడ్డలో పడ్డ చింత దుంగలు: పికప్‌కి వించ్ ఉంది, అయినా రావట్లేదు

మందస_కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది మందస దగ్గర పల్లె. మొన్నటి వానలకి గెడ్డ (వాగు) ఒడ్డు కోసుకుపోయి, మా జీడితోట అంచునున్న పెద్ద చింతచెట్టు వేళ్ళతో సహా గెడ్డలోకి ఒరిగిపోయింది. అడవి శాఖ వాళ్ళకి చెప్పి, కోత మిషను తెప్పించి ముక్కలు కోయించాను. కొమ్మలన్నీ భుజాల మీద మోసేశాం. మాను దుంగలు ఐదు మిగిలాయి. ఒక్కోటి పన్నెండు అడుగుల పొడవు, ఆరడుగుల చుట్టుకొలత. కింది నుంచి బండి నిలబడే చోటుకి 25 మీటర్లుంటుంది. గట్టు బాగా ఏటవాలు.

నాది బొలెరో పికప్. ముందు వైపు ఛాసిస్‌కి 9500 పౌన్ల వించ్ (ఇనప తాడుని డ్రమ్ముకి చుట్టుకుంటూ లాగే కరెంటు మోటారు) బిగించాను, సెకండ్ హ్యాండ్‌ది. నిన్న ఒక దుంగకి కట్టి లాగితే రెండడుగులు కదిలి, ముక్కు మట్టిలో దిగబడింది. ఆ తర్వాత దుంగ రావడం మానేసి బండే దాని వైపు జారడం మొదలెట్టింది! మా తమ్ముడు బ్రేకు తొక్కి పట్టుకున్నా ఆగలేదు. లైట్లు కూడా మసకబారిపోయాయి. "వంటచెరకు కోసం బండిని గెడ్డలో కలుపుతావా?" అని నాన్న ఒకటే కేకలు. మాఘంలో అక్క పెళ్ళి, వంటలకి ఈ కర్రే అనుకున్నాం.

9500 పౌన్లంటే నాలుగు టన్నుల పైనే కదా, దుంగ ఎందుకు రాలేదు? ఇంకా లావుది, 12 ఎం.ఎం. ఇనప తాడు కొనేసి గట్టిగా లాగితే వస్తుందా?

పలాస_పిక్కలు:

తమ్ముడూ, వంటచెరకే కదా, అక్కడే అడుగున్నర ముక్కలు కోయించి మోసుకుపోక ఈ తాళ్ళ గోల ఎందుకు?

మందస_కుర్రోడు:

అదీ అడిగాను అన్నా. చింత కొయ్యలేక గొలుసు పళ్ళు అరిగిపోతున్నాయి, ఇక రానని మిషనతను చెప్పేశాడు. పైగా మొదలు దుంగలు రెండూ మాంసం కొట్టే మొద్దులకి కావాలని ఒకాయన అడ్వాన్సు ఇచ్చాడు.

ఉద్దానం_ట్రాక్టర్:

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక కొన్ని నెలలు నాకు ఇదే పని. కొబ్బరి, జీడి, పనస, ఏ తోట చూసినా నేల మీదే. అప్పుడు నేను చేసిన తప్పులు నువ్వు చెయ్యకు.

ముందు బరువు చూద్దాం. కలప అడితి లెక్కలో చుట్టుకొలతని నాలుగుతో భాగిస్తే ఒకటిన్నర. దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తే 27 ఘనపుటడుగులు. అది కొనేవాడి లెక్క, అసలు దుంగలో 34 ఉంటుంది (అడితి వాడు ఎందుకు బాగుపడతాడో ఇక్కడే తెలుస్తుంది). పచ్చి చింత ఇంచుమించు నీళ్ళంత బరువు, అంటే ఒక్కో దుంగ దగ్గర దగ్గర టన్ను. చదునులో ఈడ్చడానికే బరువులో సగం పైన బలం కావాలి, నీ గట్టు మీద టన్నుకి టన్నూ కావాలి. ముక్కు దిగబడిందంటే ఇక నువ్వు లాగేది దుంగని కాదు, గట్టుని.

వించ్‌ది తప్పు లేదు. 25 మీటర్లు వదిలావంటే డ్రమ్ము మీద అడుగు పొరే మిగిలుంటుంది, వించ్‌కి నిండు బలం ఉండేది అక్కడే. తాడు పొరలు పొరలుగా చుట్టుకునే కొద్దీ అది తగ్గుతుంది. అయితే ఆ వించ్‌ని పట్టుకుని నిలబడాల్సింది నీ బండి. ఖాళీ పికప్ రెండు టన్నులు కూడా ఉండదు, తడి నేలలో దాని టైర్లు పట్టి ఆపేది ఒక టన్ను లోపే. నాలుగు టన్నులు లాగే మిషన్ని టన్ను కూడా ఆపలేని బండికి బిగించావు. లావు తాడు కొన్నా జారేది బండే. ఆ లావు తాడు నీ డ్రమ్ము మీద సరిగ్గా చుట్టుకోదు కూడా.

నీకు కావాల్సింది కప్పీ. బావి గిలక కాదు, పక్క రేకు తెరిచి తాడు వేసుకునే ఇనప కప్పీ. దాని మీద రెండు వరసల బలం పడుతుంది కాబట్టి వించ్‌కి రెట్టింపు, ఎనిమిది తొమ్మిది టన్నులది. దాన్ని దుంగ వైపు పెట్టు. వించ్ తాడు కిందికెళ్ళి కప్పీ చుట్టూ తిరిగి మళ్ళీ పైకి రావాలి, ఆ కొసని గట్టు మీద బతికున్న గట్టి చెట్టు మొదలుకి కట్టు, బండికి కాదు. ఇప్పుడు సగం బరువు చెట్టుది, సగమే బండిది. వేగం సగమవుతుంది, అంతే. రెండు వరసలకి నీ తాడు చాలదు కాబట్టి కప్పీకీ దుంగకీ మధ్య ఆ 12 ఎం.ఎం. తాడు పొడిగింపుగా వాడు. కప్పీ పైకొచ్చాక దుంగ కదలకుండా కింద రాళ్ళు పెట్టి, పొడిగింపు కురచ చేసి మళ్ళీ లాగు. బండి వెనక భాగాన్ని కూడా ఇంకో చెట్టుకి కట్టేసి, చక్రాల ముందు చెక్క దిమ్మలు పెట్టు.

దుంగ ముందు చివర అంచుని గొడ్డలితో చుట్టూ చెక్కి గుండ్రం చెయ్యి. దారంతా పచ్చి తాటిమట్టలో కొబ్బరిమట్టలో పరువు. చిన్నప్పుడు మట్ట మీద కూర్చుని ఈడ్పించుకోలేదూ, అదే కిటుకు.

తాడుకి ముడి మాత్రం వెయ్యకు, ముడి దగ్గర ఇనప తాడు బలం సగానికి పడిపోతుంది. కొసని మడిచి, రెండు వరసల్నీ కలిపి బిగించే యు క్లాంపులు మూడు వెయ్యి, ఒక్కోదానికి మధ్య మూడంగుళాలు. నట్లున్న దిమ్మ బరువు మోసే పొడుగు తాడు మీద కూర్చోవాలి, యు వంపు తోక మీద పడాలి. నేను ఒక పనస మానుకి ఇవి తిరగేసి బిగించాను. తాడు క్లాంపుల్లోంచి ఊడొచ్చి ఈలేసినట్టు చప్పుడైంది, అంతే, ట్రాక్టరు మడ్‌గార్డు మీద జానెడు గాటు. అంతకు ముందే మా కుర్రాడు ఆ మడ్‌గార్డుకి ఆనుకుని బీడీ ముట్టించి, అగ్గిపెట్టె ఇవ్వడానికి నా దగ్గరికి వచ్చాడు. కాబట్టి తాడు మధ్యలో తడిపిన ఇసక గోతాం వెయ్యి. బిగిసిన తాడు దాటొద్దు. కప్పీ దగ్గర తాడు మడతపడే లోపలి వైపు ఎవరూ నిలబడొద్దు, కప్పీ ఊడితే వచ్చేది అటే.

లైట్లు మసకబారడం మామూలే. నిండు బరువు మీద ఆ మోటారు మూడు నాలుగొందల ఆంపియర్లు తాగుతుంది, బండి ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేదు. ఇంజన్ ఆన్‌లో పెట్టి, నిమిషం లాగి, మోటారు చల్లారనివ్వు.

కోనసీమ_రైతు:

ఇంత తతంగం అక్కర్లేదండీ. ట్రాక్టరు గట్టు మీద పెట్టి గొలుసు కట్టి ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుంది. మేం అలానే చేస్తాం.

ఉద్దానం_ట్రాక్టర్:

వస్తుంది, గొలుసు డ్రాబార్‌కి, అంటే ట్రాక్టరు వెనక అడుగునుండే లాగుడు కడ్డీకి కడితేనే. చాలామంది పై లింకుకో సీటు కింద ఇనుముకో కట్టేస్తారు. దుంగ ఒక వేరుకి తగిలి ఆగిందా, ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీదే పడుతుంది. క్లచ్ తొక్కేంత టైము దొరకదు. అదీ కాక వించ్‌తో అయితే అంగుళం అంగుళం వస్తుంది, ఎక్కడ తగిలిందో కనబడుతుంది. గుంజితే తెగాకే తెలుస్తుంది.

మందస_కుర్రోడు (వారం తర్వాత):

అన్నా, నాలుగు పైకొచ్చాయి! కప్పీ, క్లాంపులు పలాసలో దొరికాయి. ఒక్కో దుంగకి గంటన్నర పట్టింది. రెండో దుంగ మధ్యలో బండరాయికి తగిలి ఆగితే తాడు వదులు చేసి, గునపంతో పక్కకి దొర్లించి మళ్ళీ లాగాం. బండి ఇసుమంత కూడా కదల్లేదు.

ఎక్కించడం మా నాన్న చూపించారు. పికప్ పక్క డోరు దించి రెండు కొబ్బరి దుంగలు వాలుగా ఆనించాం. రెండు మోకుల ఒక కొస బండికి కట్టి, దుంగ కింద నుంచి తిప్పి అవతలి వైపు నుంచి ఆరుగురం లాగితే దొర్లుకుంటూ వచ్చి కూర్చుంది. ఇక్కడ కూడా దుంగే కప్పీలా పనిచేసినట్టుంది కదా? ఒక్కోసారి ఒక్కటే తీసుకెళ్ళాం.

ఐదోది బురదలో సగం కూరుకుపోయింది. ఏం చెయ్యమంటారు? ఇంకోటి, చీలుస్తుంటే గొడ్డలి ఇరుక్కుపోతోంది.

ఉద్దానం_ట్రాక్టర్:

అవును, దుంగే కప్పీ. మీ నాన్నగారిని ముందే అడగాల్సింది.

ఐదోదాన్ని వదిలెయ్. కోత పడ్డ ఒడ్డు వారగా సర్ది ముందు నాలుగు రాళ్ళు పడేస్తే వచ్చే వానలకి ఆ మేరకి మట్టి కొట్టుకుపోకుండా ఉంటుంది.

చింత పీచు మెలికలు తిరిగి ఉంటుంది, నడిమధ్య కొట్టకు. పైకొచ్చినవాటిని రంపపు మిల్లులో అడుగున్నర ముక్కలు చేయించి, పెద్ద ఇనప మేకులు (ఒక కొస పలచగా ఉండే చీలలు) పెట్టి సమ్మెటతో అంచుల నుంచి పలకలు పలకలుగా ఊడదీస్తూ రా. ఈ నెలలోనే అయిపోవాలి, లేకపోతే మాఘానికి ఆరదు, వంటమేస్త్రీ పొగకి నిన్ను తిడతాడు. మొద్దులకి అడిగినాయనవి మాత్రం ఎండలో పెట్టకు, పగుళ్ళొస్తే అడ్వాన్సు వెనక్కి అడుగుతాడు.