ఈ1 రైలు ఇంజను నమూనా కిట్‌కు వెనుక చక్రాలు చేర్చాక మలుపులో పట్టాలు తప్పుతోంది, సాయం కావాలి

ప్రశ్న: నమస్కారమండి. ఇంగ్లండులోని సదరన్ రైల్వే నడిపిన ఈ1/ఆర్ ట్యాంకు ఇంజను (నీళ్లు, బొగ్గు తన మీదే మోసే ఆవిరి ఇంజను) నమూనా చేస్తున్నాను. అసలు ఇంజనులో ఒక అడుగుకు 4 మి.మీ. లెక్క, పట్టాల మధ్య ఎడం 16.5 మి.మీ. పాత వైట్‌మెటల్ (సులువుగా కరిగే తగరపు మిశ్రమలోహం) ఈ1 కిట్ ఒకటి దొరికితే, దాని బొగ్గు అర కోసేసి, వెనక్కి పొడవు పెంచి, కింద ఒక జత చక్రాలు బిగించాను. 438 మి.మీ. వ్యాసార్థం ఉన్న మలుపులోకి వెళ్లగానే ఆ చక్రాలు పట్టా తప్పుతున్నాయి. నేరు దారిలో కూడా ఒక్కోసారి చోదక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, ఇంజను కదలదు. కొత్త ఇరుసుకు రెండు పక్కలా ఒక్కో మి.మీ. సందు వదిలాను. ముందు చోదక ఇరుసు నుంచి వెనుక చోదక ఇరుసుకు 61 మి.మీ., అక్కడి నుంచి కొత్త ఇరుసుకు 28 మి.మీ. ఎక్కడ తప్పు జరిగింది?

మొదటి జవాబు: ఈ ఇంజనును ఎంచుకున్నందుకు చాలా సంతోషంగా ఉందండి. 0-6-0 అమరికలో (ఆరు చోదక చక్రాలు, ముందూ వెనుకా వేరే చక్రాలు లేవు) స్ట్రౌడ్లీ రూపొందించిన ఈ1లలో పదింటిని మాత్రమే 1927-29 మధ్య 0-6-2గా, అంటే వెనుక రెండు చక్రాలు చేర్చి, మార్చారు. డెవన్‌లో 1925లో తెరిచిన టోరింగ్టన్–హాల్విల్ లైట్ రైల్వే (తేలికపాటి రైలు మార్గం) కోసం ఈ పని చేశారు. బొగ్గు, నీళ్లు ఎక్కువ మోయాలంటే వెనుక భాగం పెరగాలి, ఆ బరువును మోయడానికి మరో ఇరుసు కావాలి. ఆ పదింటిలో ఒక్కటీ మిగల్లేదు. అందుకే ఎవరైనా దీన్ని చేస్తున్నారంటే నాకు ప్రత్యేకమైన ఆసక్తి.

మీ దగ్గర రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ముందు మలుపు సంగతి చూద్దాం. చోదక ఇరుసుల నడిమి బిందువు నుంచి వెనుక చోదక ఇరుసుకు 30.5 మి.మీ., కొత్త ఇరుసుకు 58.5 మి.మీ. ఈ రెండింటి వర్గాల తేడా 2492. దాన్ని వ్యాసార్థానికి రెట్టింపైన 876తో భాగిస్తే 2.84 వస్తుంది. అంటే ఆ మలుపులో మీ చక్రాలు పక్కకు దాదాపు 3 మి.మీ. జరగాలి. మీరు ఇచ్చింది ఒక్కటే. పట్టా తప్పక ఏం చేస్తాయి?

సందు పెంచినంత మాత్రాన సరిపోదు, జరిగేటప్పుడు ఇరుసు మలుపుకు తగ్గట్టు తిరగాలి కూడా. ఇరుసును ఒక చిన్న ఇత్తడి పట్టీకి బిగించి, పట్టీ ముందు కొసను ఛాసిస్‌కు ఒకే మరతో వదులుగా పట్టించండి. ఆ మర ఎక్కడ ఉండాలో కూడా అదే లెక్క చెబుతుంది: 2492ను 58.5కు రెట్టింపైన 117తో భాగిస్తే 21.3. కొత్త ఇరుసుకు 21.3 మి.మీ. ముందు, అంటే వెనుక చోదక ఇరుసు దాటాక 6.7 మి.మీ. దగ్గర రంధ్రం వేయండి. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

రెండో జవాబు: చక్రాలు ఉన్నచోటే తిరగడానికి కారణం, కొత్త ఇరుసు కాస్త కిందికి ఉండి వెనుక చోదక చక్రాలను పైకి లేపడం. ఇంజనును అద్దం పలక మీద పెట్టి, ఒక్కో చోదక చక్రం కింద సిగరెట్ కాగితం దూర్చి చూడండి. కాగితం సులువుగా జారిపోతే ఆ చక్రం బరువు మోయడం లేదు. ఇత్తడి పట్టీ పైకీ కిందికీ కూడా కాస్త ఊగాలి. దాన్ని 0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ (స్ప్రింగులా పనిచేసే రాగి మిశ్రమలోహం) తీగ మెల్లగా కిందికి నొక్కితే చాలు. నమూనాలో ఆ చక్రాలు బరువు మోయనక్కర్లేదు, పట్టా మీద నిలబడితే చాలు.

ఇంకో మాట. బొగ్గు అర పొడిగింపును దేనితో చేశారు? వైట్‌మెటల్‌తో చేసి ఉంటే ఆ బరువంతా వెనుకకు పడి, ముందు చక్రాలు తేలిపోతాయి. నేను మొదటిసారి ఇలాంటి మార్పు చేసినప్పుడు ఇదే పొరపాటు చేసి రెండు నెలలు బాధపడ్డాను. 0.5 మి.మీ. ప్లాస్టిక్ రేకుతో చేయండి. ప్లాస్టిక్‌ను కరిగించి అతికే ద్రవం లోహానికి పట్టదు కాబట్టి ఆ అతుకుకు ఎపాక్సీ వాడండి. సీసం రేకులు పక్క నీటి తొట్ల ముందు భాగంలో, పొగపెట్టెలో కూర్చండి.

అడిగినవారు: కాగితం పరీక్ష చేశాను. వెనుక చోదక చక్రాలు రెండూ గాలిలోనే ఉన్నాయి! బొగ్గు అరను ప్లాస్టిక్‌తో మళ్లీ చేశాను, మరను 21 మి.మీ. దగ్గర బిగించాను. నిన్న రాత్రి ఆరు పెట్టెలతో మలుపు మీద ఇరవైసార్లు తిప్పాను, ఒక్కసారీ తప్పలేదు. మీ ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ఇక రంగు, నంబరు మిగిలాయి. 32095 వేయవచ్చా?

మొదటి జవాబు: వేయవచ్చు, కాలం ముందు తేల్చుకోండి. ఆ ఇంజనే మొదట బి95, 1931 తర్వాత 2095, 1948లో జాతీయం చేశాక 32095. 32095 అని వేస్తే సదరన్ ఆకుపచ్చ కుదరదు, నలుపే వేయాలి. ఎక్సెటర్‌లో సెయింట్ డేవిడ్స్ స్టేషను నుంచి సెంట్రల్ స్టేషనుకు ఎక్కే 1:37 వాలు మీద రైళ్లను వెనుక నుంచి నెట్టే పని కూడా ఈ తరగతి చేసింది కాబట్టి, ఆ నలుపు మీద మసి బాగా పట్టించండి. మీరు ఎంచుకున్న ఏడాదిలో అదే నంబరు ఇంజను వెనుక నుంచి తీసిన ఫొటో ఒకటి సంపాదించాకే రంగు డబ్బా తెరవండి.