కొత్తగా రాసేవాళ్లకు ‘బాగుంది’ ఒక్కటే చాలా, కత్తెర కూడా కావాలా?

కాజీపేట జంక్షన్:
నిన్న మెట్‌పల్లి నుంచి ఒక చెల్లె ఇక్కడ అమ్మ మీద కవిత పెట్టింది. సాయంత్రానికల్లా కింద వరసగా ‘అద్భుతం’, ‘సూపర్ మేడం’, ‘మీ కలం ఆగొద్దు’, దండాలు, పూలగుత్తులు. ఏ లైను బాగుందో, ఎందుకు బాగుందో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. సగం మంది చదవలేదనే నా అనుమానం, ఎందుకంటే అదే రోజు ఇంకో పెద్దమనిషి పొరపాటున తన పాత కవితనే మళ్లీ పెడితే దాని కిందా అవే పూలగుత్తులు పడ్డాయి. చూడనివాళ్ల కోసం ఆ కవిత:

అమ్మ వేళ్ల సందున
తునికాకు వాసన
రాత్రి దీపం కింద
కన్నీటి సంద్రం
ఆమె త్యాగాల దేవత
అనురాగ మూర్తి

మొదటి రెండు లైన్లు చదివి నేను ఆగిపోయాను. బీడీలు చుట్టే ఇంట్లో పెరిగినవాళ్లు తప్ప ఇంకెవరూ రాయలేని లైన్లు అవి. మిగిలిన నాలుగు ఏ వాట్సాప్ గ్రూపులోనైనా మదర్స్ డే నాడు దొరుకుతాయి. ఈ మాట అక్కడ రాద్దామనుకుని, అంత మెచ్చుకోలు మధ్యలో నేనొక్కణ్ణి దుష్టుణ్ణి ఎందుకు కావాలని ఊరుకున్నాను. అందుకే ఇక్కడ అడుగుతున్నా. మనం ఒకరి కవితలు ఒకరం చదివేది నేర్చుకోవడానికా, ఒకరి వీపు ఒకరం తట్టుకోవడానికా?

వడ్డేపల్లి కట్ట:
అన్నా, వీపు తట్టడం అంత తక్కువ పనేం కాదు. నేను బళ్లో చెప్పేదాన్ని, కాబట్టి ఇది రోజూ చూస్తా. తొమ్మిదో తరగతి పిల్ల నోట్‌బుక్ చివరి పేజీలో ఏదో రాసుకుని దాచి దాచి తెచ్చి చూపిస్తే, అందులో మొదట అక్షర దోషం చూపించిన టీచర్‌కు ఆ పిల్ల రెండోసారి చూపించదు. ఇక్కడున్న వాళ్లలో చాలామంది పని చేసుకుంటూ, పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి పదింటికి రాసేవాళ్లు. వాళ్ల ఇంట్లో ఇంకెవరూ చదవరు. మొదటిసారి బయట ఒకరు చదివి ‘బాగుంది’ అన్నారంటే దాని విలువ మీకు తెలియదా?

ఇంకో మాట. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ కవుల సంచిక తెచ్చింది ఎందుకు? నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకాయన అన్నందుకు. సురవరం వాదన పెట్టుకోలేదు, ఊరూరి నుంచి రాతలు తెప్పించి 354 మంది కవుల్ని అచ్చులో చూపించారు. అప్పుడు ఆయన కత్తెర పట్టుకుని కూర్చుంటే అంతమంది వచ్చేవారా? ముందు రానివ్వండి, తర్వాత చూద్దాం.

కాజీపేట జంక్షన్:
టీచరమ్మా, ఆ సంచిక ఒక అవమానానికి జవాబు. అక్కడ తల లెక్క అవసరం, చూపించారు. ఈ రోజు తెలంగాణలో కవులు లేరని ఎవరైనా అంటారా? సెప్టెంబర్ 9న కాళోజీ జయంతికి హన్మకొండలో ఏ సభకైనా వెళ్లి చూడండి, వేదిక మీద కూర్చున్నవాళ్లు కింద కుర్చీల్లో ఉన్నవాళ్లకంటే ఎక్కువ. తనది చదవడం, శాలువా కప్పించుకోవడం, ఫోటో దిగడం, పక్కాయన చదువుతుండగానే బస్సు టైమైందని లేవడం. మనకిప్పుడు కరువొచ్చింది కవులకు కాదు, వినేవాళ్లకు. చదవకుండా పెట్టే ‘అద్భుతం’ కూడా అలా లేచిపోవడం లాంటిదే.

నాలుగు లైన్లు:
జగిత్యాల నుంచి. అన్న చెప్పిందానికి నా ఓటు. నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు, ఇదీ కవి ఎన్. గోపి గారు నానీలనే పొట్టి కవితలకు పెట్టిన లెక్క. ఇప్పుడేమైందంటే ఒక మామూలు వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి నిలువుగా పేర్చి నానీ అంటున్నారు. ‘నేను రోజూ / పొద్దున లేచి / చాయ తాగి / పనికి పోతాను’ అని రాసి కింద హామీ పత్రం కూడా పెడతారు, ఇది నా స్వీయ రచన, దేనికీ అనుకరణ కాదు అని. దీన్నెవరు కాపీ కొడతారన్నా?

మా ఊరి అలిశెట్టి ప్రభాకర్ ఫోటో స్టూడియో నడుపుకుంటూ రాసినవాడు. ఆయన కవితలు కూడా నాలుగైదు లైన్లే, కానీ అందులో ఒక మాట తీస్తే మొత్తం కూలిపోతుంది. అంత పొట్టిగా రాయడం కష్టమని కొత్తవాళ్లకు ఎవరూ చెప్పకపోతే వాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

పాలకుర్తి ద్విపద:
నాయనలారా, మీ గొడవ వింటుంటే నాకు ముచ్చటగా ఉంది. పద్యం రాసేవాళ్లకు ఈ బాధ లేదు. ఆటవెలది తీసుకోండి. గణాలంటే పొట్టి, పొడుగు అక్షరాల చిన్న గుంపులు, సూర్యగణం చిన్నది, ఇంద్రగణం కాస్త పెద్దది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కలవాలి. అది కుదరకపోతే ప్రాసయతి, అంటే ఆ రెండిటి పక్కనున్న అక్షరాలు కలవాలి. తప్పితే తప్పింది, కుదిరితే కుదిరింది. మొన్న ఒక తమ్ముడు ఓరుగల్లు కోట మీద ఆటవెలది రాసి అందులో ‘కోట గుమ్మమందు పాత రాయి’ అని ఒక పాదం పెట్టాడు. గణాలు అయిదూ సరిగ్గా ఉన్నాయి. కానీ ‘కో’కు ‘పా’తో యతి లేదు, ప్రాసయతి అందామన్నా ‘ట’కు ‘త’కు పొత్తు లేదు. ‘గోడ రాయి’ అంటే సరిపోతుంది అని చెప్పాను. ఆ పిల్లవాడు బాధపడలేదు, దిద్దుకున్నాడు. తప్పుకు నియమం ఉన్నచోట మనసు నొచ్చుకోదు.

నాలుగు లైన్లు:
సార్, యతి కుదిరింది గాని గోడ రాయి గుమ్మంలో ఎందుకుంటుంది?

పాలకుర్తి ద్విపద:
కూలిపోయి పడింది అనుకోవయ్యా. కోట చూశావా ఎప్పుడైనా? తోరణాల చుట్టూ ఎక్కడ చూసినా రాళ్లే.

వడ్డేపల్లి కట్ట:
సార్ పెద్దవారు, కోపం తెచ్చుకోకండి, కానీ నేను చెప్పాలనుకున్నది ఇదే. ‘పాత’ అన్న మాట ఆ తమ్ముడికి కావాలి. యతి కోసం దాన్ని వదిలేశాడు. నియమం ప్రకారం మీరు చెప్పింది ఒప్పు, పద్యం మాత్రం కొంచెం పోయింది. అక్కడే ఇలా ఉంటే, వచన కవితలో ఏ నియమమూ లేనిచోట మనం ఇచ్చే సలహా ఎవరి రుచి? సలహా ఇచ్చేవాడి రుచి. కొత్తగా రాసే పదిమంది కాజీపేట అన్న చెప్పినట్టు దిద్దుకుంటే ఆరు నెలల్లో పదిమందీ కాజీపేట అన్న లాగే రాస్తారు. ఇది కూడా ఆలోచించండి.

కాజీపేట జంక్షన్:
ఇది మాత్రం గట్టి దెబ్బ. ఒప్పుకోను గాని, దెబ్బే. నేనేమీ ‘ఇట్ల రాయి’ అని చెప్పమనట్లేదు టీచరమ్మా. ఎక్కడ ఆగానో, ఎక్కడ నా కళ్లు జారిపోయాయో చెప్పడం వేరు, కొత్త లైను నేనే రాసిచ్చి ఇది పెట్టుకో అనడం వేరు. రెండోది నాకూ నచ్చదు. మొదటిది చేయకపోతే మాత్రం మనం చదివినట్టే కాదు.

మెట్‌పల్లి:
ఆ కవిత నాదే. నా పేరు చెప్పకుండానే నా గురించి ఇంత మాట్లాడుతున్నారు కదా అని వచ్చాను. కోపంగా ఏం లేదు.

అన్నా, మీరు చెప్పింది చదివి మళ్లీ చూసుకుంటే నిజమే అనిపించింది. ‘కన్నీటి సంద్రం’ నేను ఎక్కడో చదివిందే. మా అమ్మ బీడీలు చుట్టేటప్పుడు ఏడవదు, టీవీలో సీరియల్ చూస్తూ చుడుతుంది, కట్టలు లెక్క తప్పితే మమ్మల్ని తిడుతుంది. కాబట్టి ఇట్లా మార్చాను:

అమ్మ వేళ్ల సందున
తునికాకు వాసన
అన్నం కలిపి పెడితే
ముద్దకు కూడా అంటేది

కానీ ఒక సంగతి చెప్పాలి. రెండూ అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు నచ్చింది మొదటిదే. అందులోనూ మీరు తీసేయమన్న ‘త్యాగాల దేవత’ లైనే మళ్లీ చదవమంది. రెండోది విని, ‘నా చేతుల కంపు గురించి ఊరందరికీ చెప్తవా’ అని మూతి ముడిచింది. ఇప్పుడు నేను ఎవరి మాట వినాలి?

నాలుగు లైన్లు:
అక్కా, రెండోది వంద రెట్లు నయం. అమ్మకు మొదటిది వినిపించు, పత్రికకు రెండోది పంపు.

వడ్డేపల్లి కట్ట:
తమ్ముడూ, అంత తేలిగ్గా తేల్చకు. ఆ కవిత అమ్మ గురించి, అమ్మ కోసం. ఆమెకు దేవత అనిపించుకోవాలని ఉంది, ఇన్నేళ్లు ఆ పని చేసి ఆ మాట కూడా అనిపించుకోకూడదా? మనం మెచ్చే ‘కొత్తదనం’ మనలాంటి కవిత్వం చదివేవాళ్లకు కొత్త. బీడీ చుట్టే మనిషికి తునికాకు వాసన రోజూ ఉండేదే, అందులో ఆమెకు విశేషమేముంది. ఆమెకు దొరకనిది దేవత అన్న మాట.

చదువరిని మాత్రమే:
నేను రాయను, చదువుతాను, అందుకే ఎప్పుడూ కామెంట్ పెట్టను. రెండో కవిత చదివి మా అత్త గుర్తొచ్చింది. కోరుట్లలో ఉండేది, ఆమె పెట్టిన పచ్చడి కూడా తంబాకు వాసన వచ్చేది. మొదటిది చదివినప్పుడు ఎవరూ గుర్తురాలేదు. అంతే నాకు తెలిసింది.

ఖమ్మం రోడ్డు:
‘అంటేది’ కాదు, ‘అంటుకునేది’ అని ఉండాలి. భాష కూడా కాస్త చూసుకోవాలి.

పాలకుర్తి ద్విపద:
కాళోజీ ఊళ్లో కూర్చుని ఈ దిద్దుబాటు చేయకయ్యా. జనం నోట్లో ఉన్న పలుకుబడుల భాషలోనే రాయాలని ఆయన జీవితమంతా పోరితే, ఆయన పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవం చేసుకున్నాం. నేను ఛందస్సు దగ్గర ఎంత పట్టుబట్టినా అమ్మాయి ఇంటి మాట జోలికి పోను.

రామప్ప దారి:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. ఒక మాట ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటా. ‘విమర్శ ఉంటే పర్సనల్‌గా చెప్పండి, అందరి ముందు వద్దు’ అని మన దగ్గర ఒక మర్యాద ఉంది కదా. మగవాళ్లకు అది మర్యాదే. నేను కవిత పెట్టిన ప్రతిసారీ ఇన్‌బాక్స్‌లో ఇద్దరు ముగ్గురు ‘చిన్న సూచన మేడం’ అని మొదలుపెడతారు. మూడో మెసేజ్‌కు ఏం చేస్తుంటారు, ఎక్కడుంటారు, ఫోన్‌లో మాట్లాడితే బాగా వివరిస్తాను. కవిత గురించి ఒక్క ముక్క ఉండదు. ఒకాయనైతే సంకలనంలో వేస్తాను, పేజీకి ఇంత పంపండి, మీరు కాబట్టి తగ్గిస్తాను అన్నాడు, బిరుదు కూడా ఇప్పిస్తాడట. బ్లాక్ చేస్తే ‘విమర్శ తట్టుకోలేని ఆవిడ’ అని బయట ప్రచారం.

కాబట్టి నా మటుకు నాకు విమర్శ అందరి ముందే కావాలి. ఎంత ఘాటుగానైనా సరే, ఇక్కడ, ఈ కవిత కింద, పదిమంది చూస్తుండగా రాయండి. అప్పుడు అది కవిత గురించే ఉంటుంది. మంచితనం కోసం చాటుగా చెప్తామనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

వడ్డేపల్లి కట్ట:
ఇది నాకూ జరిగింది, ఇక్కడ రాయాలని తోచలేదు. మీ మాటతో నా వాదన కొంత మారింది. సున్నితంగా ఉండే వాళ్లకు చాటుగా చెప్పాలనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అందరి ముందైతే అందరి ముందే, కాకపోతే మొదటి కవిత పెట్టినవాళ్లను వదిలేయండి. వాళ్లకు ‘చదివాను, ఈ లైను నచ్చింది’ చాలు. ఏ లైనో మాత్రం తప్పక చెప్పాలి, ఆ మటుకు జంక్షన్ అన్నతో నేనూ కలుస్తా.

మెట్‌పల్లి:
నాది మొదటి కవితే మేడం. నన్ను వదిలేస్తే రెండోది రాసేదాన్ని కాదు.

కాజీపేట జంక్షన్:
చెల్లే, ఆ జవాబు టీచరమ్మకు. నాకు ఇచ్చిన జవాబు మీ అమ్మది, దానికి నా దగ్గర సమాధానం లేదు, ఆలోచిస్తున్నా. రెండు కవితలూ ఉంచుకో.

సరే, అందరూ ఒప్పుకుంటే ఇట్లా చేద్దాం. కత్తెర కావాలనుకున్నవాళ్లు కవిత కింద ‘దిద్దండి’ అని రాయాలి. రాయకపోతే ఎవరూ తప్పు పట్టొద్దు, నచ్చిన లైను చెప్పి ఊరుకోవాలి. సూచన కవిత కిందే ఉండాలి, ఇన్‌బాక్స్‌కు పోయినవాళ్ల స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టొచ్చు. ‘అద్భుతం’ ఒక్క మాటే రాస్తే తీసేయాలి. ఇంకా ఒక షరతు, ‘దిద్దండి’ అని అడిగేవాళ్లు ముందు వేరేవాళ్ల రెండు రచనలు చదివి నాలుగు ముక్కలు రాయాలి. ఊరికే దిద్దించుకుని పోతే మళ్లీ ఆ శాలువా సభే అవుతుంది.

నాలుగు లైన్లు:
స్క్రీన్‌షాట్ పెట్టడం మీద నాకు అనుమానముంది, అది వేరే గొడవకు దారి తీస్తది. ముందు రామప్ప అక్కనే అడుగుదాం. మిగతావన్నీ ఓకే.

రామప్ప దారి:
పేరు దాచి మెసేజ్ మాత్రం పెడతా. ఎవరిదో వాళ్లకు తెలుస్తుంది, అది చాలు.

పాలకుర్తి ద్విపద:
రెండు రచనలు చదవాలన్నారు, బాగుంది. పద్యం రాసేవాడు రెండు పద్యాలే చదవాలా, వచన కవితలైనా ఫర్వాలేదా? పద్యాలే అంటే ఇక్కడ రాసేది నేను, ఆ కోట తమ్ముడు. వాడు ఇప్పటికే నా మీద గుర్రుగా ఉన్నాడు.