నెట్స్‌లో రాని అలసట మ్యాచ్‌లో ఎందుకొస్తోంది?

మధురవాడ పేసర్: నెట్స్‌లో (ప్రాక్టీస్ వలల్లో) గంటన్నర బౌలింగ్ వేసినా నాకేం కాదు. ఆదివారం టీ20లో నాలుగో ఓవర్‌కే పిక్కలు పట్టేస్తున్నాయి. వేసేది 24 బంతులే, నెట్స్‌లో అంతకు రెట్టింపు వేస్తాను. మీకూ ఇంతేనా?

సీతమ్మధార ఓపెనర్: బంతులు లెక్కపెడితే తేలదు గురూ. నెట్స్‌లో బంతి వేసి తాపీగా నడుచుకుంటూ వెనక్కొస్తావు. మ్యాచ్‌లో ఓవర్ అయ్యాక బౌండరీ దగ్గర ఫైన్ లెగ్‌లో ఫీల్డింగ్‌కి వెళ్ళాలి, అక్కడ ఫోర్ ఆపడానికి పరిగెత్తాలి, ఆయాసం తీరకముందే మళ్ళీ బంతి చేతికొస్తుంది. మా బ్యాటర్లం ఇంకా ఘోరం, నెట్స్‌లో అసలు పరుగే తీయం. క్రీజు నుంచి క్రీజుకి 17.68 మీటర్లు. రెండు తీస్తే 35 దాటుతుంది, అదీ ప్యాడ్లతో. బ్యాట్ గీతకు ఆనించి వెనక్కి తిరిగేటప్పుడు ఒంటి బరువంతా ఒక్క కాలి మీదే పడుతుంది. నాకు తొడలు పట్టేసేది అక్కడే.

గాజువాక కీపర్: 20 ఓవర్లంటే తక్కువలో తక్కువ 120 సార్లు కూర్చుని లేవాలి. వైడ్లు అదనం (మా బౌలర్ల దయ). ప్రాక్టీస్‌లో నాకు దొరికే కీపింగ్ పావుగంట.

అక్కయ్యపాలెం సీనియర్: ఒక్కటి ఒప్పుకోను. ఆర్కే బీచ్ ఇసుకలో అరగంట స్ప్రింట్లు తీయండి, ఏ మ్యాచ్‌లోనూ గుండె అంతలా కొట్టుకోదు. మ్యాచ్‌లో నిలబడేది, నడిచేదే ఎక్కువ. కానీ అది మూడు గంటలకు పైగా ఎండలో సాగుతుంది. పైగా మన ఉక్కలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. 2024లో పీఎం పాలెం స్టేడియంలో ఇంగ్లండ్ మీద బుమ్రా 45 పరుగులకు 6 వికెట్లు తీసింది ఫిబ్రవరిలో. మనం ఆడేది మేలో!

సీతమ్మధార ఓపెనర్: మరి ఎలా కొలవాలన్నా?

అక్కయ్యపాలెం సీనియర్: ఆట అయిన అరగంటకి, ఎంత కష్టమనిపించిందో 10కి మార్కు వేసుకుని నిమిషాలతో గుణించండి. నెట్స్ 90 నిమిషాలు, మార్కు 4 అయితే 360. మ్యాచ్ 180 నిమిషాలు, మార్కు 7 అయితే 1260. పేసర్ తమ్ముడూ, నెట్స్‌లో ఆరు బంతులు వేసి బౌండరీ దాకా పరిగెత్తు, నాలుగు నిమిషాలాగి మళ్ళీ ఆరు వెయ్యి. మజ్జిగలో ఉప్పు మరవకు.

మధురవాడ పేసర్: బాగానే ఉందన్నా. కానీ మాకున్నది ఒక్కటే నెట్, బౌలర్లం పదిమందిమి. నేను బౌండరీకి వెళ్ళొచ్చేలోపు నా వంతు ఇంకొకడు లాగేసుకుంటాడు.

గాజువాక కీపర్: పదిమందీ కలిసి పరిగెత్తండి మరి.