బ్లెండర్ ఫైళ్లకు లాక్ పెట్టాలా, చెప్పుకుంటే సరిపోతుందా?

నమస్కారం. మేం ఆరుగురం కలిసి ఒక చిన్న గేమ్ చేస్తున్నాం. కోడ్ గిట్‌లో (ఫైళ్ల మార్పులను దాచి, అందరి పనినీ కలిపే టూల్) బాగానే నడుస్తోంది. ఇద్దరు ఒకే ఫైల్ మార్చినా మెర్జ్ చేసుకుంటున్నాం. చిక్కంతా బ్లెండర్ (3డీ మోడళ్లు చేసే సాఫ్ట్‌వేర్) ఫైళ్లతోనే. అవి బైనరీ కదా, కోడ్‌లా టెక్స్ట్ కాదు, మెర్జ్ కుదరదు.

మొన్న గుడి మండపం మోడల్‌లో ఒకమ్మాయి రెండు రోజులు కూర్చుని స్తంభాల మీద లతలు చెక్కింది. ఈలోపు అదే ఫైల్‌లో ఇంకొకరు మెట్లు మార్చి పుష్ చేసేశారు. ఆ స్తంభాలను ఒక్కొక్కటిగా కొత్త ఫైల్‌లోకి తెచ్చి అమర్చుకునేసరికి తనకి ఇంకో రోజు పోయింది. చూస్తుంటే చాలా బాధేసింది.

"ఈ ఫైల్ నేను తీసుకుంటున్నా" అని వాట్సాప్ గ్రూపులో చెప్పాలన్నది మా నియమం. పనిలో పడితే ఎవరికీ గుర్తుండదు.

అందుకే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కి ఉన్న ఎక్స్‌టెన్షన్) లాకింగ్ పెడదామనుకుంటున్నా. ఫైళ్లను లాకబుల్‌గా పెడితే, లాక్ తీసుకునేదాకా అవి రీడ్-ఓన్లీగా ఉంటాయి, అది నచ్చింది. కానీ లాక్ వేసినవాళ్లు ఊరెళ్లిపోతే? ఫోర్స్‌తో తీయొచ్చు, ఆ హక్కు ఎవరికివ్వాలి? అసలు టెన్షన్ ఇంకొకటి: బ్రాంచ్‌లో (మన విడి కాపీలో) మార్చి, మెయిన్‌లో (అందరి ఉమ్మడి కాపీలో) కలపకముందే లాక్ వదిలేస్తే, తర్వాతివాళ్లు పాత కాపీ మీదే మొదలుపెడతారు కదా! మీ టీముల్లో దీన్ని ఎలా ఆపుతున్నారు? దయచేసి చెప్పండి.