ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) గేటు మీది సర్టిఫికెట్‌ను బట్టి లోపలి వైద్యం ఎలా ఉందో చెప్పొచ్చా?

పాత_రిజిస్టర్
గేటు మీద ఎన్‌క్వాస్ (ప్రభుత్వాసుపత్రులకిచ్చే జాతీయ నాణ్యతా సర్టిఫికెట్) ఫ్లెక్సీ కడితే చాలు, "ఇక్కడ వైద్యం బాగుంటుంది" అని జనం అనుకుంటున్నారు. నేనొప్పుకోను. ఎన్‌క్వాస్ చెక్‌లిస్టులో ఎనిమిది విభాగాలు, ఒక్కో అంశానికి 0, 1, 2 మార్కులు. వైద్యసేవ ఆ ఎనిమిదిలో ఒకటి. బోర్డులు రాయించి, ఏ పని ఎలా చెయ్యాలో రాసిన ఎస్‌ఓపీ ఫైళ్ళు పెట్టి, ఆస్పత్రి చెత్తకి పసుపు, ఎరుపు, నీలం బకెట్లు సర్దితే సగం పని అయిపోతుంది. నా దృష్టిలో ఒక్క అంకె చాలు: పేరు నమోదైన బీపీ రోగుల్లో ఎంతమందికి 140/90 లోపు ఉంది? అది గేటు మీద రాయండి, ఫ్లెక్సీ తీసెయ్యండి.

ఓపీ_చీటీ
పొద్దుగాల పదింటికి పోతే డాక్టర్ ఉంటడా లేడా, ముందు అది రాయుండ్రి గేటు మీద.

సిరంజి_అక్క
పాత_రిజిస్టర్ గారూ, చెక్‌లిస్టంటే బోర్డులేనా? ప్రతి అంశం పక్కన ఎలా చూడాలో కూడా ఉంటుంది: కళ్ళతో చూడాలి, సిబ్బందిని అడగాలి, రికార్డు తియ్యాలి, రోగిని అడగాలి. క్రిములు చంపే ఒక శాతం హైపోక్లోరైట్ ద్రావణం ఎలా కలుపుతావని అడిగితే ఫైలు చూసి చెప్పే వీల్లేదు. 5 శాతం సీసా అయితే ఒక పాలు ద్రావణానికి నాలుగు పాళ్ళు నీళ్ళు. మూత తీసి నిలవుంచిన సీసా అయితే ఆ లెక్క పనికిరాదు, క్లోరిన్ పోతుంది. ఇది తెలియకపోతే ఆ అంశానికి మార్కులు పోతాయి. ఇక మీ ఒక్క అంకె సంగతి. పత్తి తీతలకు వలసపోయినవాళ్ళు, హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళినవాళ్ళు, బయట మెడికల్ షాపులో కొనుక్కునేవాళ్ళు మీ లెక్కలో ఎక్కడ?

పాత_రిజిస్టర్
లెక్కలోనే. 400 మంది నమోదయ్యారనుకోండి. గడిచిన మూడు నెలల్లో 250 మంది వచ్చారు, వాళ్ళలో 175 మందికి అదుపులో ఉంది. వచ్చినవాళ్ళతో భాగిస్తే 70 శాతం. నమోదైనవాళ్ళతో భాగిస్తే 44 కూడా లేదు. మీటింగులో చదివేది 70. చనిపోయినవాళ్ళను, వేరే కేంద్రానికి మారినవాళ్ళను తీసెయ్యండి, కాదనను. ఊళ్ళోనే ఉండి రానివాడిని మాత్రం అదుపులో లేనట్టే లెక్కెయ్యాలి. 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం పద్ధతీ ఇదే. తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది, కొత్త సంగతేం కాదు.

గోలీల_డబ్బా
అంకె దాకా ఎందుకు సార్, ముందు రిజిస్టర్‌లో రాసింది నిజమా?

పాత_రిజిస్టర్
అక్కడికే వస్తున్నా. ఒక నెల పేజీలు తీసి పై బీపీ చివరి అంకెలు లెక్కబెట్టండి. డిజిటల్ మిషన్ అయితే 0 నుంచి 9 దాకా ఏదైనా రావచ్చు, సున్నాతో ముగిసేవి పదిలో ఒకటి ఉండాలి. డయల్ మిషన్ మీద గీతలు రెండేసి అంకెల తేడాతో ఉంటాయి కాబట్టి ఐదులో ఒకటి. పేజీ నిండా 120/80, 130/80, 140/90 ఉంటే అది కొలత కాదు, కొలవకుండా రాసిన దస్తూరి. దీనికంటే చెడ్డది ఇంకోటుంది: వరసగా 138/88. అది 140/90 గీత కింద దూరడానికి రాసిన అంకె.

సిరంజి_అక్క
సున్నా కనబడితే దొంగేనా? రౌండ్ చేస్తే నష్టం మాకే. 136ని 140 అని రాస్తే అదుపులో ఉన్న మనిషి అదుపు తప్పినట్టవుతుంది, ఎందుకంటే 140 అంటే లోపు కాదు. అబద్ధం రాయాలనుకున్నవాళ్ళు 140 ఎందుకు రాస్తారు?

పాత_రిజిస్టర్
144ని 140 చేసినా అదుపులో లేనట్టే, దాంతో పేచీ లేదు. 141ని 130 చేస్తేనో?

సిరంజి_అక్క
141ని 130 చెయ్యడం రౌండింగా? మాట మారుస్తున్నారు.

పాత_రిజిస్టర్
మార్చలేదు. మొదటి నుంచీ దస్తూరి గురించే చెప్తున్నా.

వ్యాక్సిన్_పెట్టె
ఐఎల్‌ఆర్ (వ్యాక్సిన్లు దాచే ఫ్రిజ్) లాగ్ పుస్తకం కూడా ఇంతే. పొద్దున 4, సాయంత్రం 4, నెలంతా 4 డిగ్రీలే! రోజుకి రెండుసార్లు, ఆదివారం కూడా చూడాలి. కరెంటు చాలాసేపు పోయిన రోజున కూడా అదే 4 ఉందంటే థర్మామీటర్ ఎవరైనా చూశారా అని అడగాలి. 2 నుంచి 8 మధ్య అటూ ఇటూ ఊగే అంకెలుంటేనే నమ్మండి.

సిరంజి_అక్క
ఆ సున్నాలు ఎందుకొస్తాయో కూడా చెప్పండి మరి. సరిగ్గా తీయాలంటే మనిషి ఐదు నిమిషాలు కూర్చోవాలి, వీపు ఆనాలి, పాదాలు నేలమీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి, మాట్లాడకూడదు. చెయ్యి కిందికి వేలాడితే ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి మామూలు కఫ్ (చేతికి చుట్టే పట్టీ) వేసినా ఎక్కువే. పెద్ద కఫ్ కావాలని ఇండెంట్ (పైవాళ్ళకి సరుకు కోరుతూ చీటీ) పెడితే నెలలు గడుస్తాయి. వందమంది ఓపీ, ఒక్క నర్సు. ఇక మీరే చెప్పండి.

పాత_రిజిస్టర్
ఐదు నిమిషాలు నర్సు కూర్చోనక్కర్లేదు కదమ్మా, రోగి కూర్చోవాలి. వరండాలో ఆరుగురు పట్టే బెంచీ వేస్తే ముందువాళ్ళను కొలిచేలోపు వెనకవాళ్ళ ఐదు నిమిషాలూ అయిపోతాయి. రాయడం ఎవరికైనా అప్పగించండి.

సిరంజి_అక్క
"ఎవరికైనా" అంటే ఎవరికి? ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో చెక్‌లిస్టులో మార్కులేస్తారు, నింపే మనిషి మాత్రం రాడు. మనుషుల్లేరని సున్నా, ఆ సున్నాకి సంజాయిషీ కూడా మమ్మల్నే! మీ అంకె గేటు మీద రాసిన మర్నాడు మీటింగులో ఏఎన్‌ఎంని నిలబెడతారు. ఆ మర్నాటి నుంచి అందరికీ 138/88. మీకు కావాల్సింది రోగికి చెప్పడమా, మమ్మల్ని పట్టుకోవడమా? అది తేల్చండి ముందు.

ఓపీ_చీటీ
అక్క అడిగింది కరెక్టే. గానీ అక్కా, రోగికి ఎవరూ ఏదీ చెప్పకపోతే మేమెట్ల తెలుసుకోవాలె? జలుబని పోతే అజిత్రోమైసిన్ ఇచ్చేటోడు మంచి డాక్టర్, ఆవిరి పట్టుమన్నోడు పనికిరానోడు అనుకుంటరు మా ఊళ్ళె. సూది ఎయ్యలేదని తిట్టిపోస్తరు. మా మాట మీద కూడా మార్కులెయ్యొద్దు మరి.

గోలీల_డబ్బా
ఒకరినీ నిలబెట్టకుండా చూసే దారి ఉంది. ఈ-ఔషధిలో (సర్కారు మందుల నిల్వ లెక్కలుండే కంప్యూటర్ వ్యవస్థ) బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ ఖర్చు చూడండి. 300 మందికి రోజుకొకటి చొప్పున నెలకి ఇచ్చామని రిజిస్టర్‌లో ఉంటే 9,000 మాత్రలు పోవాలి. 4,000 మాత్రమే పోయి ఉంటే రెండే మాటలు: అంతమంది రాలేదు, లేదా వచ్చినవాళ్ళలో చాలామందికి పది రోజులవే ఇచ్చి పంపారు. పది రోజులకి మళ్ళీ రమ్మంటే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? అదుపు అక్కడే తప్పుతుంది. అది నర్సు తప్పు కాదు, ఇండెంట్ తప్పు. మోతాదు పెంచినవాళ్ళు, టెల్మిసార్టన్ అనే వేరే బీపీ మాత్ర మీదున్నవాళ్ళు ఉంటారు కాబట్టి లెక్క అచ్చంగా సరిపోదు, కానీ సగానికి సగం తేడా రాదు.

పాత_రిజిస్టర్
ఇది బాగుంది. దీనికి తోడు రిజిస్టర్‌లో ప్రతి ఇరవయ్యో పేరు తీసుకుని, 20 మందికి ఇంటి దగ్గర పక్క పీహెచ్‌సీ నర్సుతో మళ్ళీ కొలిపించాలి.

సిరంజి_అక్క
20 మందితో శాతం చెప్తారా? పదిమందికి అదుపులో ఉందంటే అసలు సంఖ్య 30 నుంచి 70 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. దాన్ని గేటు మీద రాస్తారా?

పాత_రిజిస్టర్
శాతానికి కాదు, రిజిస్టర్ నిజమా కాదా చూడ్డానికి. ఆ ఇరవైలో 18 మందికి అదుపులో ఉందని రిజిస్టర్ చెప్పి, ఇంటి దగ్గర తొమ్మిదిమందికే ఉంటే శాతం అక్కర్లేదు. గేటు సంగతి... సరే, ముందు ఆరునెలలు గేటు మీద వద్దు. లోపల పెట్టుకుని చూసుకోండి.

సిరంజి_అక్క
ఈ మాట మొదటి పోస్టులో అనుంటే ఇంత గొడవుండేది కాదు. చివరి అంకెలు రేపు మా రిజిస్టర్‌లో నేనే లెక్కబెడతా, బెంచీ కూడా వేయిస్తా. కానీ ఆ కాగితం మీద పీహెచ్‌సీ పేరుంటుంది, ఏఎన్‌ఎం పేరుండదు. ఒప్పుకుంటేనే.

ఓపీ_చీటీ
డాక్టర్ టైము కూడా రాయుండ్రి అక్కా దాని మీద.