పొదుగుకి కూర్చున్న పెట్ట రాత్రిళ్లు గుడ్ల మీద ఉండటం లేదు

గోదారి కోడలు:
తణుకు దగ్గర పల్లెటూరు మాది. పెరట్లో నాటుకోళ్లు, అమ్మడానికి కాదు, ఇంట్లోకే. పొదుగుకి కూర్చోబెట్టిన పెట్ట పగలంతా గుడ్ల మీదే ఉంటుంది, చీకటి పడితే లేచి బయటికొచ్చేస్తోంది. మిగతావి కూడా సాయంత్రం గూట్లోకి వెళ్లడానికి మొరాయిస్తున్నాయి. పెట్ట తలమీద ఎర్రజుట్టు పాలిపోయింది. గుడ్లు తీస్తే నా చేతికీ దురద. పగలు ఈకలు విప్పి చూస్తే ఏమీ లేదు. వరికి కొట్టగా మిగిలిన పురుగుమందు గూట్లో కొట్టేద్దామంటున్నారు మా మావయ్యగారు. ఆ గుడ్లు తినేది మా పిల్లలే, అందుకే టెన్షన్.

చిన్నరైతు:
వేపాకు పొగ పెట్టండి, పోతాయి.

మదనపల్లె బాబాయ్:
ముందు ఆ పురుగుమందు డబ్బా పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టమ్మా. 2017లో యూరప్‌లో లక్షల గుడ్లు పారబోశారు, ఎందుకో తెలుసా? కోళ్లఫారాల్లో నల్లి చావడానికి ఫిప్రోనిల్ వాడితే అది గుడ్లలో తేలింది. మన దగ్గర అదే మందు వరికి కొడతారు.

నీ గూట్లో ఉన్నది ఎర్రనల్లి అని నా అనుమానం. పేలైతే పగలు కూడా ఒంటి మీదే, తోక కింద ఈకల మొదళ్లలో కనపడతాయి. ఎర్రనల్లి అలా కాదు, పగలంతా చెక్క సందుల్లో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతుంది. చీకటి పడ్డాక టార్చి వేసి, కోళ్లు వాలే కర్ర కింది వైపు తెల్లగుడ్డతో గట్టిగా తుడిచి చూడు. ఎర్రటి మరకలు పడితే అదే. చెంచాడు మందు కోడికి రాసి ఏం లాభం? నల్లి ఇల్లు గూడే కదా, వైద్యం కూడా గూటికే.

పొగ ఆ సందుల్లోకి పోదు, కోళ్లకి ఊపిరాడదు, అంతే.

గోదారి కోడలు:
బాబాయ్ గారూ, మరకలు పడ్డాయి! వెదురు కర్ర చీలికలో గుంపులుగా ఉన్నాయి, చూస్తే ఒళ్లు జలదరించింది. ఒక నెల గూడు ఖాళీగా వదిలేస్తే చస్తాయా?

మదనపల్లె బాబాయ్:
చావవు, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. చీలిన వెదురు తీసి కాల్చెయ్. మిగతా చెక్కంతా గీకి, మరిగే నీళ్లు సందుల్లోకి పొయ్యి, బాగా ఎండబెట్టి చిక్కటి సున్నం పట్టించు. సందు మిగలకూడదు. ఎండాకాలంలో వారం పదిరోజుల్లోనే కొత్త తరం తయారవుతుంది, కాబట్టి వారం తిరిగేసరికి మళ్లీ ఇదంతా చెయ్యాలి. అప్పటికీ తగ్గకపోతే పశువుల డాక్టరు రాసిచ్చిన మందే, ఆయన చెప్పిన పాళ్లలోనే. గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో కూడా అడుగు. పశువుల హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసినా చెబుతారు. పక్కన చేపల చెరువుంటే ఆ సంగతి కూడా చెప్పు, డెల్టామెత్రిన్ లాంటి పురుగుమందులు చేపలకి విషం.

కరీంనగర్ అత్త:
పెట్టను మాత్రం ఆ గూట్ల ఉంచకు బిడ్డా. చీకటి పడ్డాక గుడ్లతో సహా కొత్త గంపలకు మార్చు, అడుగున పొడి ఇసుక, మీద కొత్త గడ్డి. పగలు మారిస్తే పాత జాగకే ఉరుకుతది.

చిన్నరైతు:
కోడికి కిరోసిన్ రాస్తారు కదా మా దగ్గర?

కరీంనగర్ అత్త:
తోలు కాలుతది, రాయొద్దు. పొర్లాడనీకి పొడి మట్టి, కట్టెల బూడిద ఓ మూలకు పెడితే అవే దులుపుకుంటయి. గుడ్లు పగిలి కోడిపిల్లలు లేచినంక గంపల గడ్డి పెంటకుప్పల వెయ్యకుండా కాలబెట్టు.